రాత్రంతా మొరిగే కుక్క ఎవరికి కాపలా?

బోధన్ : వీధికుక్కల విషయమై 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు ఆదేశాలు వెలువడినప్పటి నుంచి పట్టణాలలోనూ, పల్లెల్లో రచ్చకట్టల మీదనూ కుక్కల చర్చ బాగానే సాగింది. ఆ చర్చలో మరుగున పడిన సంగతి ఒకటున్నది. రాత్రిళ్లు జనం నిద్ర చెడగొట్టేవన్నీ వీధికుక్కలే కావు. మెడలో గొలుసు, ముందర గిన్నె, వెనుక యజమాని వున్న పెంపుడు కుక్కలు కూడ అంతకు తక్కువేమీ మొరగడం లేదు. వీధికుక్క బెడద గురించి చెప్పుకోవడానికి మునిసిపాలిటీయో, పంచాయతీయో వున్నది. పక్కింటి కుక్క గురించి ఎవరికి చెప్పుకోవాలి? ఆ ఇంటివారికే చెబితే మాట మీద మాట పెరిగి, కుక్క సంగతి పక్కకు పోయి, ఎప్పటిదో ప్రహరీగోడ తగాదా బయటికి వస్తుంది.

పగలంతా బీడీలు చుట్టి నడుము వాల్చిన ఆడవారు, తెల్లవారుజామున తాడు భుజాన వేసుకొని పోవలసిన గీత కార్మికులు, పదో తరగతి పరీక్షలకు చదివే పిల్లలు, చంటిబిడ్డల తల్లులు - వీరంతా ఒక్క కుక్క మూలంగా నిద్రకు దూరమవుతుంటే దానిని చిన్న విషయమని కొట్టిపారేయడం సరికాదు.

ఈ ప్రాంతంలో కుక్కను సరదాకు పెంచేవారి కంటె అవసరానికి పెంచేవారే ఎక్కువ. 1937లో శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలసిన తరువాత, నిజాంసాగర్ కాలువ నీటి పుణ్యాన ఎడపల్లి, రెంజల్, కోటగిరి, వర్ని వైపు చెరకు విస్తారంగా సాగయింది. మనిషెత్తు దాటిన చెరకు తోటలో అడవిపంది దూరితే కంటికి కనిపించదు. దాని జాడ పట్టవలసింది కుక్కే. పొలం కాడ దానికి పగలు చెట్టు నీడ, రాత్రి కావలసినంత తిరుగుడు, చేయడానికి పని వుండేవి. 2015 డిసెంబరులో ఫ్యాక్టరీకి లే ఆఫ్ ప్రకటించారు. చెరకు తగ్గింది, వరి పెరిగింది. కుక్క చాల ఇళ్లలో గేటు పక్కన గుంజకు కట్టుబడింది. మరోపక్క మగవారు దుబాయికో, సౌదీకో పోయిన ఇళ్లలో ముసలివారు, ఆడవారు, పిల్లలు మాత్రమే మిగిలినందున వారికి కుక్కే ధైర్యం. అటువంటి ఇంటివారిని కుక్కను వదిలేయమనడం న్యాయం కాదు. అయితే ఆ కుక్క పొద్దుగూకింది మొదలు తెల్లారేదాక మొరిగితే, నిజంగా దొంగ వచ్చిననాడు ఎవరు లేచి చూస్తారు? ఇంటివారూ లేవరు, పొరుగువారూ లేవరు. కాపలా కోసం తెచ్చిన కుక్క అరుపుకు విలువ పోయిన తరువాత మిగిలేది లొల్లి ఒక్కటే.

కుక్క ఊరకనే మొరగదు. కొత్త మనిషిని చూసి, భయపడి, ఆకలై, దప్పికై, ఒంటరిగా వుండలేక, ఒంటికి బాధ కలిగి మొరుగుతుంది. చెవిలో చీము పట్టినా, ఒళ్లంతా గోమార్లు కరచుకొని వున్నా దానికి కంటిమీద కునుకుండదు. ముసలి కుక్కలకు చూపు, వినికిడి తగ్గి, రాత్రిపూట దిక్కుతోచక అరవడం కూడ కద్దు. మనిషి చెవికి అందని సన్నని చప్పుళ్లు దానికి వినిపిస్తాయి. కనుక ఏమీ లేనిదే మొరుగుతున్నదని మనం అనుకునే వేళ, దానికేదో వినబడే వుండవచ్చు.

వీటన్నిటికంటె పెద్ద కారణం పొట్టి గొలుసు. రెండు మూరల గొలుసుతో గేటుకు కట్టిన కుక్క వచ్చే పోయే ప్రతివారినీ చూస్తుంది, దగ్గరికి పోయి వాసన చూడలేదు, భయమేస్తే దూరంగా పారిపోనూ లేదు. ఇక దానికి చేతనైనది మొరగడమే. పాలవాడు వస్తాడు, కుక్క మొరుగుతుంది, పాలవాడు తన దారిన తాను పోతాడు. తన అరుపుకే అతను పారిపోయాడని కుక్క అనుకుంటుంది. రోజుకు ఇరవైమంది అలా పోతే, ఇరవైసార్లు గెలిచినట్టే. అలవాటు ముదిరేది ఇక్కడే. బడి పిల్లలు పోతూ పోతూ రాయి విసిరితే చెప్పనక్కరలేదు.

రాత్రి అన్నం పెడితే పడుకుంటుందని, కడుపు మాడ్చితేనే కాపలా బాగా కాస్తుందని కొందరి నమ్మకం. ఇది వట్టి మూఢత్వం. ఆకలిగొన్న కుక్క దొంగ కోసం మొరగదు, అన్నం కోసం మొరుగుతుంది. ఆ దొంగే రొట్టెముక్క వేస్తే ఊరుకుంటుంది కూడ. నిజామాబాద్ పట్టణంలో ముచ్చటపడి ఒత్తు బొచ్చు అల్సేషియన్ కుక్కలను తెచ్చి, మే నెలలో ఎండ 44, 45 డిగ్రీలకు చేరే చోట రేకుల కింద కట్టివేసేవారి సంగతి మరీ విడ్డూరం. ఆ వేడిమిలో మనిషే అరుస్తాడు.

మంచంలో నుంచే "చుప్" అని కేకలు వేయడం అందరూ చేసేదే. యజమాని కూడ తనతో కలిసి మొరుగుతున్నాడని కుక్క సంబరపడుతుంది. కర్ర తీసుకుంటే భయం పెరిగి ఇంకా మొరుగుతుంది. లేదా మొరగకుండానే కరవడం నేర్చుకుంటుంది, అది అంతకంటె ప్రమాదం.

చేయవలసినది ఖర్చుతో కూడినదేమీ కాదు. రెండు గుంజల నడుమ గట్టి తీగ లాగి, దానికి కడియం తొడిగి గొలుసు తగిలిస్తే కుక్క ఇటునుంచి అటు తిరుగుతుంది. గేటుకు తాటాకు తడికో, గోనెపట్టో కట్టితే బాటన పోయేవారు కనిపించరు. పొద్దున, సాయంత్రం అరగంట పొలం గట్టు దాకా తిప్పుకు రావాలి, రాత్రి కడుపునిండ పెట్టాలి, నీళ్ల గిన్నె ఎండకుండ చూడాలి. మొరిగినప్పుడు ఒకసారి బయటికి వచ్చి చూసి, నెమ్మదిగా "చాలు" అనాలి. అది నోరు మూసిన మరుక్షణమే జొన్నరొట్టె తునక పెట్టాలి. మొరుగుతుండగా పెడితే మొరిగినందుకు బహుమానం ఇచ్చినట్టవుతుంది. మొదటి నాలుగైదు రోజులు అరుపు ఇంకా ఎక్కువ కావచ్చు. అక్కడ విసుగు చెంది మానేసేవారే ఎక్కువమంది. కూనను తెచ్చేవారు ఎనిమిది వారాలు నిండకముందే తల్లి నుంచి వేరు చేయరాదు. తెచ్చిన తరువాత దాచిపెట్టక మనుషులను, పశువులను, బండ్లను చూపించి పెంచితే, పెద్దయ్యాక ప్రతిదానికీ బెదరదు.

పొరుగువారి ఓపిక నశించి విషం పెట్టే మాట కొన్నిచోట్ల వినవస్తుంది. కోపంలో అన్నమాటేనని నవ్వి ఊరుకోరాదు. పంటకు కొట్టే మందు కలిపిన మాంసం తినేది ఆ కుక్క ఒక్కటే అవుతుందని హామీ ఏమున్నది? వాకిట్లో పిల్లలు ఆడుకుంటారు, కోళ్లు తిరుగుతాయి. పైగా జంతువును విషం పెట్టి చంపితే భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ కింద అయిదేళ్ల దాకా జైలు పడవచ్చు. అలాగని యజమాని చట్టానికి అతీతుడు కాడు. మితిమీరి పొట్టి గొలుసుతో గంటల తరబడి కట్టివేయడం, ఎప్పుడూ కట్టివుంచే కుక్కను తిప్పకుండ వుండడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం 11వ సెక్షన్ ప్రకారం నేరమే. ఈ సంగతి తెలిసిన యజమానులు తక్కువ, తెలియజెప్పేవారు మరీ తక్కువ. పంచాయతీలు డప్పు చాటింపులో ఈ ముక్క కూడ కలిపితే పోయేదేమీ లేదు.

మొరిగే కుక్క కరవదన్న సామెతను మాత్రం నమ్ముకోరాదు. భయంతో మొరిగే కుక్క దగ్గరికి పోతే కరుస్తుంది. అన్నిటికంటె ముఖ్యం, రోజూ మొరిగే కుక్క గొంతు ఉన్నట్టుండి బొంగురుపోయి, నోట చొంగ కారుతూ, మింగలేకపోతుంటే గొంతులో బొక్క ఇరుక్కున్నదనుకొని నోట్లో చేయి పెట్టరాదు. పిచ్చికుక్క వ్యాధిలో గొంతు కండరాలు పడిపోయి అరుపు అలా మారుతుంది. చొంగలోనే ఆ జబ్బు వుంటుంది, చేతి మీది చిన్న గీత చాలు. జబ్బు లక్షణాలు మనిషిలో బయటపడ్డాక దాదాపు బతకడమంటూ లేదు. చొంగ తగిలినా, కరచినా వెంటనే పదిహేను నిమిషాలు సబ్బుతో, పారే నీటితో కడిగి సర్కారు దవాఖానాకు పోయి సూదులు వేయించుకోవాలి. పసరు, కారం పూయరాదు. కుక్కకు మూడు నెలలు నిండగానే టీకా, ఆపైన ఏడాదికోసారి. జూలై 6న జూనోసిస్ దినం నాడు పశువైద్యశాలల్లో ఈ టీకా ఉచితంగా వేస్తుంటారు. కుక్కను తీసుకుపోయినవారు అదే చేతిమీదుగా దాని చెవులను, గోమార్లను కూడ డాక్టరుకు చూపించుకు రావచ్చు.