ఒకే ఇంట్లో రెండు పిల్లులు: పిరికిదానిదీ తప్పు కాదు

ఉత్తరాయణం వచ్చిందంటే సూరత్‌లోని కతర్‌గామ్‌లో మిద్దెలన్నీ జనంతో నిండిపోతాయి. పగలంతా గాలిపటాలు, లౌడ్‌స్పీకర్లు. చీకటి పడ్డాక టపాసులు. రెండు పిల్లులున్న ఇంట్లో ఆ రోజు ఏం జరుగుతుందో ఊహించడం కష్టం కాదు. ఒకటి కిటికీలో కూర్చుని తెగిపడే గాలిపటాన్ని పంజాతో అందుకోబోతుంది. రెండోది మంచం కింద దూరి, సద్దు మణిగేదాకా బయటికి రాదు. దాంతో ఇంట్లో తీర్పు వచ్చేస్తుంది: మొదటిది మంచి పిల్లి, రెండోదానికి విశ్వాసం లేదు. ఆ మాట ముదిరితే రెండో పిల్లి వీధిపాలవుతుంది. జీవశాస్త్రం ఈ తీర్పును ఒప్పుకోదు.

పిల్లుల్లో స్వభావ భేదాలు యజమానుల ఊహ కాదు. దక్షిణ ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలోని 2,802 పెంపుడు పిల్లుల వివరాలను విశ్లేషించిన పరిశోధకులు 2017లో ఐదు ప్రధాన లక్షణాలను గుర్తించారు. అవి బెదురు, చొరవ, ఆధిపత్యం, తొందరపాటు, స్నేహశీలత. ఒక్కో పిల్లిలో ఇవి ఒక్కో పాళ్లలో ఉంటాయి.

ఈ తేడాలకు పునాది చాలా ముందే పడుతుంది. పుట్టిన రెండో వారం నుంచి ఏడో వారం వరకు మనుషుల చేతుల్లో మెలిగిన కూనలు మనుషులకు త్వరగా అలవాటుపడతాయి. పిల్లి తన కూనల్ని ఏడిళ్లు తిప్పుతుందంటారు. ఆ తిప్పటలో అవి మనిషి స్పర్శ ఎరగకుండా పెరిగితే, తర్వాత దగ్గర కావడానికి ఎక్కువ సమయం పడుతుంది. తండ్రి పాత్ర కూడా ఉంది. చొరవగల తండ్రికి పుట్టిన కూనలు కొత్త వస్తువుల దగ్గరికి తొందరగా వెళ్తాయని 1995లో వెలువడిన ఒక అధ్యయనం చూపింది. పిల్లుల్లో తండ్రి పెంపకంలో పాలుపంచుకోదు కాబట్టి, ఇది వారసత్వంగా వచ్చిన గుణమే అనుకోవాలి.

అలాగని అంతా జన్యువుల్లోనే లేదు. 2001 డిసెంబరు 22న అమెరికాలోని టెక్సాస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయంలో ప్రపంచపు తొలి క్లోనింగ్ పిల్లి 'సీసీ' పుట్టింది. దాని మూలమైన 'రెయిన్‌బో' మూడు రంగుల పిల్లి. సీసీ ఒంటిమీద నారింజ రంగే లేదు. రెయిన్‌బో ముభావి, సీసీ ఆటల పిల్లి. జన్యువులు ఒకటైనా రంగూ కలవలేదు, తీరూ కలవలేదు. అలాంటప్పుడు వేర్వేరు తల్లులకు పుట్టిన రెండు పిల్లులు ఒకేలా ఉండాలని పట్టుబట్టడంలో అర్థం లేదు.

మారాల్సింది పిరికి పిల్లి కాదు, ఇంటి ఏర్పాటు. ఇరుకు ఫ్లాట్‌లో కూడా ఇది సాధ్యమే. తిండి గిన్నెలు, నీళ్లు వేర్వేరు మూలల్లో పెట్టాలి. మలవిసర్జనకు ఇసుక తొట్లు పిల్లుల సంఖ్య కంటే ఒకటి ఎక్కువ ఉండాలని పశువైద్యులు చెబుతారు. బీరువాపైన ఒక చోటు, దాక్కోవడానికి ఒక అట్టపెట్టె చాలు. దాక్కున్న పిల్లిని బలవంతంగా లాగకూడదు. దాని భయానికి అది మరో కారణమవుతుంది. దాన్ని దగ్గర చేసుకోవడానికి వేరే దారి ఉంది. మనిషి కళ్లను సగం మూసి మెల్లగా రెప్పలార్పితే పిల్లులు కూడా అలాగే స్పందిస్తాయని, అలా చేసినవారి చేతి దగ్గరికి వచ్చే అవకాశం ఎక్కువని బ్రిటన్ పరిశోధకులు 2020లో తేల్చారు. కళ్లు మూసుకున్న పిల్లిని మన సామెత దొంగను చేసింది కానీ, అది నమ్మకానికి గుర్తు కూడా కావచ్చు.

ఒక్క జాగ్రత్త అవసరం. ఎప్పుడూ ముభావంగా ఉండే పిల్లి వేరు, నిన్నటిదాకా ఆడుకుని ఇవాళ ఉన్నట్టుండి మూల చేరిన పిల్లి వేరు. రెండోది జబ్బుకో నొప్పికో సూచన, పశువైద్యుడికి చూపించాలి. ఏ పిల్లి మామూలు తీరు ఏమిటో తెలిసిన ఇంటివాళ్లే ఈ తేడాను పసిగట్టగలరు. అందుకే రెంటినీ పోల్చడం మానేసి, దేన్ని దానిగా గమనించాలి. వజ్రాలు సానపట్టే కతర్‌గామ్‌కు ఇది కొత్త పాఠమేమీ కాదు. అక్కడ రాయి తీరు చూశాకే సాన మొదలవుతుంది.