రోడ్డు అంచు ఎవరిది?

ఈ శీర్షిక చూసి ఇదేదో రోడ్లు, భవనాల శాఖవారికి పెట్టుకున్న అర్జీ అనుకుంటారేమో. కొంతవరకు అది నిజమే. కాని విషయం మొదలైంది మాత్రం ఒక ఆటతో.

సంక్రాంతి సెలవులయ్యాక మా హాస్టల్ మిత్రుడొకడు ఒక బల్ల తెచ్చాడు. మీటరు పొడవు, కింద నాలుగు మెత్తటి చక్రాలు. లాంగ్‌బోర్డ్ అంటారట. ఒక కాలు బల్లమీద ఉంచి, రెండో కాలితో నేలను తన్నుకుంటూ పోవడమే పని. చూసిన ప్రతివాడూ నవ్వాడు. నేనూ నవ్వాను. "డబ్బున్నోళ్ళ పిల్లలాట గదరా ఇది, మన దగ్గర ఎక్కడ తొక్కుతవ్?" అన్నాను. "భద్రాచలం దాకా పోతా" అన్నాడు. మళ్ళీ నవ్వాం.

నవ్వడం అయిపోయాక, వీడి పిచ్చి ఏపాటిదో తెలుసుకుందామని నాలుగు విషయాలు చదివాను. చదివాక నవ్వు తగ్గింది. 1976లోనే అమెరికాలో జాక్ స్మిత్ అనే యువకుడు, తోడుగా మరో ఇద్దరితో కలిసి ఇలాంటి బల్లలమీద ఆ దేశాన్ని ఒక ఒడ్డునుంచి రెండో ఒడ్డుకు దాటాడు. డేవ్ కార్న్‌త్‌వెయిట్ అనే ఇంగ్లీషువాడు 2006-07లో ఆస్ట్రేలియా ఖండాన్ని పెర్త్ నుంచి బ్రిస్బేన్ దాకా 5,823 కిలోమీటర్లు తొక్కాడు. న్యూజీలాండ్‌కు చెందిన రాబ్ థామ్సన్ 2007లో స్విట్జర్లాండ్‌లో బయలుదేరి 2008లో షాంఘై చేరాడు. అతని లెక్క 12,159 కిలోమీటర్లు! ఇక మయామీ దగ్గర కార్ల పందేల మైదానంలో 24 గంటల పోటీ ఒకటి జరుగుతుంది. 2013లో ఆండ్రూ ఆండ్రాస్ అక్కడ ఒక పగలూ ఒక రాత్రీ కలిపి 421 కిలోమీటర్లు పోయాడు. ఖమ్మం నుంచి కొత్తగూడెం మీదుగా భద్రాచలానికి సుమారు 120 కిలోమీటర్లనుకుంటే, పోయి, వచ్చి, మళ్ళీ పోయి, ఇంకా సగం దారి వెనక్కి వచ్చినంత. తర్వాతి ఏళ్ళలో 500 కిలోమీటర్లు దాటినవాళ్ళూ ఉన్నారు.

ఇందులో కష్టమంతా కాలిదని మనం అనుకుంటాం. తన్నే కాలు ఎట్లాగూ అలుస్తుంది. అసలు బాధ నిలబడ్డ కాలిదట. ఒంటి బరువంతా వంచిన ఆ ఒక్క మోకాలిమీద గంటల తరబడి ఆనుతుంది. అందుకే అనుభవం ఉన్నవాళ్ళు కాళ్ళు మార్చి తొక్కడం నేర్చుకుంటారు. మరికొందరు నేలను తాకకుండానే నడుమూ భుజాలూ అటూ ఇటూ తిప్పుతూ బల్లను ముందుకు పాకిస్తారు. చక్రం సంగతి వేరు. 1970 దశకం మొదట్లో పాలీయురేథేన్ చక్రాలు రాకముందు ఇనుప చక్రాలు, మట్టి చక్రాలు ఉండేవి. వాటికి చిన్న రాయి అడ్డం పడినా బల్ల అక్కడే ఆగేది, మనిషి ముందుకెళ్ళి పడేవాడు. మెత్తటి చక్రం వచ్చాకే దూరం అనే ఆలోచన వచ్చింది. అయినా కంకర తేలిన రోడ్డుమీద ఆ గరగర అరికాలి నుంచి వెన్నుదాకా పాకి, గంటలో కాళ్ళు మొద్దుబారతాయి. అన్నిటికీ మించి నీళ్ళు, ఉప్పు. చెమటతోపాటు ఒంట్లో ఉప్పు పోతుంది. ఉత్త నీళ్ళు తాగితే చాలదు. మయామీలో ఒక్కొక్క ఆటగాడికీ మైదానం పక్కన మనుషులుంటారు. ప్రతి కొన్ని చుట్లకూ ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్ళు, తిండి చేతికి అందిస్తారు. ఈ మాట గుర్తు పెట్టుకోండి, మళ్ళీ వస్తాను.

ఫిబ్రవరి చివర్లో ఒక ఆదివారం తెల్లవారుజామున మావాడు కొత్తగూడెంలో మొదలుపెట్టాడు. మన రైలు స్టేషను పేరులోనే తమాషా ఉంది చూడండి. అది భద్రాచలం కాదు, "భద్రాచలం రోడ్". రాముడి దగ్గరికి ఇంకా 40 కిలోమీటర్లు రోడ్డుందని రైలువాళ్ళే ఒప్పుకున్నారన్నమాట. పాల్వంచ దాకా బాగానే పోయాడు. ఎండ ఎక్కేసరికి లారీలు మొదలైనయ్. బొగ్గు లారీలు, బూడిద లారీలు, ఇసుక లారీలు, సారపాక కాగితం మిల్లుకు పోయే జామాయిల్, సుబాబుల్ కర్రల లారీలు. 30వ నంబరు జాతీయ రహదారి గదా, ఛత్తీస్‌గఢ్ సరుకంతా ఇటే. లారీ వస్తే అంచుకు జరగాలి. జరగడానికి అంచేది? తారు అయిపోయిన చోట జానెడు దిగుడు, దాని కింద ఎర్రమట్టి, గులకరాళ్ళు. పెద్దమ్మగుడి దాటాక వెనకనుంచి హారన్ వినిపించింది. మావాడు జరిగాడు, చక్రం దిగబడింది, మోచేయి చీరుకుపోయింది. లారీవాడి తప్పు కాదు. వాడికీ అంతే రోడ్డుంది.

బల్ల చంకలో పెట్టుకుని నడక సాగించాడు. కొంతదూరం పోయాక మిరపకాయ ఏరడానికి దిగివస్తున్న ఆదివాసీ కుటుంబాలు ఎదురైనయ్. ఆడవాళ్ళు, పిల్లలు, నెత్తిన మూటలు. అదే మట్టి అంచుమీద ఒకరి వెనక ఒకరు. ఒక పెద్దాయన బల్లను తిప్పి చూసి, వచ్చీరాని తెలుగులో "బండి చెడిందా?" అని అడిగాడట. వాళ్ళలో ఒకామె సొరకాయ బుర్ర వంచి జావ పోసింది. ఉప్పు వేసిన జావ. "మీరెంత దూరం నడిచిండ్రు?" అని అడిగితే వాళ్ళకు లెక్క తెలియదు. నిన్న పొద్దున బయలుదేరామన్నారు.

మావాడు హాస్టల్‌కు వచ్చి మోచేయి సంగతి చెప్పలేదు. ఈ సంగతే చెప్పాడు.

అప్పుడు నాకు 2020 ఏప్రిల్ జ్ఞాపకం వచ్చింది. లాక్‌డౌన్ పొడిగించారు. బస్సుల్లేవు. గోదావరి పక్క మిరపచేలలో పనికి వచ్చిన బీజాపూర్ జిల్లా ఆదివాసీలు కొందరు అడవిదారిన ఇంటికి నడక మొదలుపెట్టారు. వాళ్ళలో పన్నెండేళ్ళ పాప ఉంది. నూరు కిలోమీటర్ల పైచిలుకు దారి. మూడు రోజులు నడిచింది. ఇంటికి పదిహేను కిలోమీటర్ల లోపు దూరంలో, ఏప్రిల్ 18న చనిపోయింది. ఒంట్లో నీరూ లవణాలూ తగ్గిపోయాయని వైద్యులు చెప్పినట్లు పత్రికల్లో వచ్చింది. మయామీలో చేతికి అందించేది ఏమిటో పైన రాశాను. ఆ పాపకు కావలసింది అదే. అందించేవాళ్ళు దారిలో లేరు.

ఇది మా గదిలో చదివి వినిపిస్తే ఒక సీనియర్ అన్న కోప్పడ్డారు. "కడుపు కోసం నడిచేవాళ్ళనీ, సరదాకు తొక్కేవాళ్ళనీ ఒక్క తాటికి కడతవేందిరా?" అన్నారు. ఆ కోపంలో న్యాయముంది. ఒకరు ఇష్టపడి దూరాన్ని ఎంచుకుంటారు, అలిసిపోతే ఆగిపోతారు. ఇంకొకరికి ఆ హక్కు లేదు. ఈ తేడాను ఎవరూ చెరిపేయకూడదు. కాని అన్నా, ఇద్దరి ఒంట్లోనూ ఉప్పు ఒక్కలాగే పోతుంది. ఇద్దరూ నడిచేది ఆ జానెడు అంచుమీదే. 2022లో కేరళ యువకుడొకడు, 31 ఏళ్ళవాడు, కన్యాకుమారి నుంచి కాశ్మీరుకు స్కేట్‌బోర్డుమీద ఒంటరిగా బయలుదేరి, దేశమంతా దాటి, హర్యానాలో లారీ గుద్ది చనిపోయాడు. శ్రీరామనవమికి కాలినడకన భద్రాచలం పోయే భక్తులదీ ఇదే రోడ్డు. ఇంజను లేనివాడు ఎవడైనా సరే, మన రోడ్డుకు వాడు లెక్కలో లేడు. నా ఫిర్యాదు అదే.

ఓర్పు మన ప్రాంతానికి కొత్త కాదు. 2014 మే 25న మాలావత్ పూర్ణతో కలిసి ఎవరెస్టు ఎక్కిన సాధనపల్లి ఆనంద్‌కుమార్ మన ఖమ్మం జిల్లా కుర్రాడే, సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థి. వాళ్ళకు ఎవరో ఒకరు తాడు కట్టడం నేర్పారు, బూట్లు ఇచ్చారు, వెంట మనుషులను పంపారు. అంతే తేడా. స్కేటింగులోనే చూడండి, హైదరాబాదువాడు అనూప్‌కుమార్ యామా 2010 ఆసియా క్రీడల్లో రెండు కాంస్యాలు తెచ్చాడు. అతనికి నున్నటి నేల దొరికింది కాబట్టి తెచ్చాడు. మన ఏజెన్సీ పిల్లలకు నున్నటి నేల ఎక్కడుంది? మన కళాశాల గేటునుంచి గ్రంథాలయం దాకా ఉన్న దారిమీదే ఆ బల్ల పది గజాలు పోదు. (ఈ విషయం ప్రిన్సిపాలుగారికి వేరే కాగితం మీద రాసి ఇస్తాం.)

అందుచేత నా కోరికలు రెండు. కొత్తగూడెం, భద్రాచలం మధ్య రోడ్డుకు రెండు వైపులా కనీసం మీటరున్నర వెడల్పున, రోడ్డుతో సమానమైన ఎత్తులో, తారు వేసిన అంచు కావాలి. నడిచేవాడు, సైకిలువాడు, భక్తుడు, కూలీ, మావాడిలాంటి పిచ్చివాడు అందరికీ అది ఒక్కటే. దీనికి మనం సంతకాలు సేకరించాలి. రెండోది మన చేతిలోనే ఉంది. చలివేంద్రాలు మనవాళ్ళు ఏప్రిల్‌లో పెడతారు. మిరప కూలీలు దారిన పడేది జనవరి నుంచే. వార్షికోత్సవంలో శాలువాలకు, పూలదండలకు యూనియన్ పెట్టే ఖర్చులో సగం మిగిల్చినా పాల్వంచ దగ్గర ఒకటి, సారపాక దగ్గర ఒకటి, ఫిబ్రవరిలోనే చలివేంద్రాలు తెరవవచ్చు. ఉత్త నీళ్ళు కాదు, ఉప్పు వేసిన మజ్జిగ. రెండు నెలలు వంతులవారీగా కూర్చునేందుకు హాస్టల్‌లో మనుషులకు కొదవ లేదు. శాలువా కప్పించుకునే పెద్దలు ఏమీ అనుకోరనే నా నమ్మకం. అనుకుంటే అనుకోనివ్వండి.

మావాడి మోచేయి మానింది. సంతలో ఒక సొరకాయ బుర్ర కొనుక్కొచ్చి, బల్లకు కట్టుకోవడం ఎట్లాగా అని కుస్తీ పడుతున్నాడు. ఈసారి ఖమ్మం నుంచే మొదలుపెడతానంటున్నాడు, రెండు రోజుల్లో. వెనక సైకిళ్ళమీద మజ్జిగ మోసుకొచ్చేవాళ్ళు నలుగురు కావాలి. ఇప్పటికి ఇద్దరం ఉన్నాం.