ఎవరు తలుచుకుంటే పొలమారింది?

అన్నం తింటుంటే పొలమారితే, ఎవరో తలుచుకుంటున్నారని నెత్తి మీద తడతాం. మా పిన్నికి రోజూ పొలమారుతుంది. పుట్టుకతోనే సెరిబ్రల్ పాల్సీ. ఇప్పుడు యాభై రెండేళ్లు. అమ్మమ్మ పోయాక ఒక హోంలో ఉంటోంది. ఆమెని తలుచుకునేవాళ్లు ఎంతమందో నాకు తెలుసు.

2024లో ఆ హోంలో ఒకామెకి ఇడ్లీ ముక్క గొంతుకి అడ్డుపడింది. బతికింది. మర్నాటి నుంచి అందరికీ అన్నం, పప్పు, కూర కలిపి మిక్సీలో తిప్పిన ఒకటే ముద్ద. తినిపించిన ఆయాకి మెమో. భద్రత కోసమట. ఎవరి భద్రత?

మింగడంలో ఒక్కొక్కరి కష్టం ఒక్కో రకం. కొందరికి మెత్తటి ముద్ద బాగానే దిగుతుంది, మంచినీళ్లే ఊపిరి దారిలోకి పోతాయి. చారన్నం తేలికనుకుంటాం గానీ, పల్చటి చారూ మెతుకూ నోట్లో విడిపోయి ఇబ్బంది పెట్టేది అదే. మత్తు కలిగించే మందులుంటే మింగడం ఇంకా మందగిస్తుంది. అందుకే ఆహారాన్నీ, పానీయాల్నీ 0 నుంచి 7 దాకా స్థాయిలుగా విడగొట్టిన ఐడీడీఎస్ఐ అనే అంతర్జాతీయ పద్ధతి ఒకటుంది. ఎవరికి ఏ స్థాయో స్పీచ్ థెరపిస్టు పరీక్షించి చెప్పాలి. మా పిన్నిని ఎవరూ పరీక్షించలేదు. మిక్సీ కొన్నారు.

నిటారుగా కూచోబెట్టి, చిన్న చెంచాతో పెట్టి, మింగేదాకా ఆగి, మళ్లీ పెట్టాలంటే పిన్నికి నలభై నిమిషాలు. ఆ ఆయా చేతికింద తొమ్మిది కంచాలు. అందరికీ అంతే అనుకుంటే ఒక్క పూటకి ఆరు గంటలు! తొందరపెట్టింది ఆయానా?

గొంతు పూర్తిగా మూసుకుపోతే దగ్గు రాదు, మాట రాదు. అప్పుడు ముందుకు వంచి వీపు మీద ఐదు దెబ్బలు, దానికీ రాకపోతే బొడ్డుకి పైన ఐదుసార్లు లోపలికీ పైకీ నొక్కాలి. ఆమెకి ఎవరు నేర్పారు? నెత్తి మీద తట్టి నీళ్లు పట్టబోయింది, మనమంతా చేసేదే. మెమో మాత్రం ఆమెకి.

గోరుముద్దల సాహిత్యం చదివి డాక్టరేట్ పుచ్చుకున్నదాన్ని. అందులో తల్లి చెయ్యే తప్ప జీతానికి తినిపించే చెయ్యి ఎక్కడా నా కంటపడలేదు. నేనూ వెతకలేదనుకోండి.

మొన్న వెళ్తే పిన్ని చాలాసేపు కష్టపడి రెండు మాటలు అంది: "కూర వేరేగా." మెత్తగా చేసినా సరే, వంకాయ వంకాయలా, పప్పు పప్పులా ఉండాలని. మేనేజర్‌గారికి చెప్పాను.

"అన్ని గిన్నెలు ఎవరు తోముతారండీ?" అన్నారాయన.

ఆయా నా వంక చూసింది.