స్క్రీన్ రీడర్‌నూ మనిషికి తగినట్లు అమర్చాలి

గ్లాకోమాతో చూపు కోల్పోయినవారి కంప్యూటర్‌లో ఉచితంగా లభించే ఎన్‌విడిఏ స్క్రీన్ రీడర్‌ను ఎక్కించి, బాధ్యత తీరిందనుకునే కుటుంబసభ్యులారా! పవరు పరీక్షించకుండా కళ్ళజోడు తగిలిస్తారా? వినికిడి కూడా మందగించిన వృద్ధునికి గబగబా పలికే గొంతు శిక్షే. చెవి అలవాటుపడిన విద్యార్థికి నెమ్మదితనమే శిక్ష. “ఆయనకు పట్టుబడలేదు” అంటూ నెపం వారిపై నెట్టకండి.

ఇన్సర్ట్, ఎన్ మీటలను కలిపి నొక్కితే మెనూ తెరుచుకుంటుంది. అందులోని సెట్టింగులలో గొంతు, వేగం, విరామచిహ్నాలు ఎంతవరకు చదవాలన్నదీ మార్చవచ్చు. తెలుగు పలికే ఈస్పీక్ గొంతూ అక్కడే ఉన్నది. టైపు చేసిన ప్రతి అక్షరమూ పలకాలా, పదం పూర్తయ్యాకనే పలకాలా అన్నదీ నిర్ణయించుకోవచ్చు. మీ చెవికి నచ్చినట్లు అమర్చి లేచిపోకండి. ప్రక్కన కూర్చుని, దినమంతా వినవలసిన వారినే అడుగుతూ మార్చండి.