బండలాగే చిన్న ట్రాక్టరు

మా గోపాల్‌పూర్‌లో పక్కింటి కుర్రవాడు సంక్రాంతికి గుంటూరు వైపు వెళ్లి, ఒంగోలు ఎడ్ల బండలాగుడు చూచి వచ్చాడు. వచ్చింది మొదలు వాళ్ల తోటలోని చిన్న ట్రాక్టరు మీద పడ్డాడు.

"మావయ్యగారూ, గవర్నరు తీసేస్తే దీని జోరు చూద్దురుగాని!" అన్నాడు. మాకు గుండె జల్లుమంది.

ట్రాక్టర్ల లాగుడుపందాలు అమెరికాలో 1929 నుంచీ వున్నవే. తోటట్రాక్టర్లకూ వేరే తరగతులున్నాయి. అక్కడి బండకు చక్రాలుంటాయి. కదిలినకొద్దీ దానిమీది బరువుపెట్టె ముందుకు జరిగి లాగుడు కష్టమౌతుంది. అప్పుడు యింజను జోరొక్కటే చాలదు, చక్రాలకు నేల పట్టు చిక్కాలి. లాగే కొక్కెం వెనక ఇరుసు కంటే కిందుగా వుండాలి. పైన తగిలించారో, ముందు చక్రాలు లేచి బండి వెనక్కి తిరగబడుతుంది, నడిపేవాడి మీదనే! అందుకే ముందువైపు బరువులు కడతారు.

ఇక గవర్నరు. అక్కడి చిన్న పెట్రోలు యింజన్లకు సాధారణంగా నిమిషానికి 3,600 చుట్లు హద్దు. అది మరీ దాటిస్తే పోత ఇనుప ఫ్లైవీలు పగిలి ముక్కలు తూటాల్లా రావచ్చు. జోరు పెంచిన బండ్లకు ఉక్కు ఫ్లైవీలూ, ఉక్కు కవచమూ, బండ విడిపోతే యింజను ఆపే మీటా పెట్టేది యిందుకే. మనవాడిది డీజిలు, గవర్నరు లేకుంటే అది తనంత తానే జోరెక్కి బద్దలౌతుంది.

కుర్రవాడు మూతి ముడుచుకు పోయాడు. మర్నాడు చూద్దుము గదా, గవర్నరు దాని చోటనే వుంది. ముందు కడ్డీకి ఇసుకబస్తాలు కట్టి, కొక్కెం కిందికి దించుతున్నాడు. వాళ్లమ్మ మాకు రెండు కొబ్బరికాయలు పంపింది.