కనిపించని నిప్పు

నిప్పు తగిలితే చురుక్కుమంటుంది; వెంటనే చెయ్యి వెనక్కు తీసుకుంటాం. కాని చూడటానికి మామూలు లోహపు ముక్కలా ఉండి, పట్టుకున్నవాడికి ఏమీ తెలియకుండానే ఒంటికి హాని చేసే పదార్థాలు కొన్ని ఉన్నాయి. వాటి నుంచి ఎల్లప్పుడూ కంటికి కనపడని కిరణాలు వెలువడుతూ ఉంటాయి. వాటినే రేడియోధార్మిక పదార్థాలంటారు. కోబాల్టు-60 అటువంటిది.

ఈ కిరణాలు తగిలినప్పుడు పదార్థాలలో కలిగే మార్పులను శాస్త్రజ్ఞులు పరిశీలిస్తారు. అందుకు పనికివచ్చే కోబాల్టు యంత్రం ఒకటి ఢిల్లీ విశ్వవిద్యాలయంలో ఉండేది. 1985 తరవాత దాన్ని ఎవరూ వాడలేదు. 2010 ఫిబ్రవరిలో దాన్ని పాత సామాను కింద వేలం వేశారు.

అది మాయాపురి అనే పేటలోని పాత ఇనుప సామాను కొట్లకు చేరింది. అక్కడివాళ్లు సీసపు కవచం విప్పి, లోపలి లోహాన్ని ముక్కలు చేశారు. ఒకాయన చిన్న ముక్కను పర్సులో పెట్టుకున్నాడు కూడా! కొద్ది రోజులకే వాళ్ల చర్మం కమిలి నల్లబడింది, జుట్టు రాలింది. అసలు కారణం ఏప్రిల్‌లో గాని బయటపడలేదు. పలువురు ఆస్పత్రి పాలయ్యారు, ఒకరు చనిపోయారు.

పాతికేళ్లు మూలపడి ఉన్న యంత్రానికి అంత బలం ఎక్కడిది? కోబాల్టు-60 బలం సుమారు 5 సంవత్సరాల 3 నెలలకు సగమవుతుంది. మళ్లీ అంతకాలానికి అందులో సగం. 1985లో 100 పాళ్లుంటే 2010 నాటికి 3, 4 పాళ్లు మిగులుతుంది. ఆ కాస్తే ప్రాణం తీసింది. యంత్రాన్ని ఆపి ఉంచవచ్చు గాని, కోబాల్టును ఆపడం ఎవరి తరమూ కాదు.

మరి ప్రయోగశాలల్లో పనిచేసేవాళ్లు ఎలా కాపాడుకుంటారు? వారికి మూడు సూత్రాలున్నాయి. మొదటిది, దాని దగ్గర ఉన్నంతసేపూ పని త్వరగా ముగించడం. రెండోది, దూరం. రెండింతల దూరం జరిగితే తగిలే కిరణాలు నాలుగోవంతే. మూడోది, అడ్డు. సీసపు దిమ్మెలు చాలా కిరణాలను ఆపివేస్తాయి. ఇవిగాక, వారు రొమ్ము మీద ఒక బ్యాడ్జి ధరిస్తారు. ఒంటికి ఎంత ధార్మికత తగిలిందో అది లెక్క చెబుతుంది.

అన్నిటికన్న ముఖ్యం, జమాఖర్చు. ఏ పదార్థం ఎక్కడ ఉందో పుస్తకంలో రాసి ఉంచాలి. పని తీరాక అణుశక్తి నియంత్రణ మండలి అనుమతితో దాన్ని భద్రమైన చోటికి పంపాలి. ఢిల్లీలో తప్పిపోయింది ఈ జాగ్రత్తే.

పిల్లలూ, పసుపుపచ్చని పలక మీద నడుమ చుక్క, చుట్టూ మూడు రెక్కలు గల గుర్తు ఎక్కడైనా కనిపిస్తే ఆ వస్తువును ముట్టుకోకండి. దూరంగా వెళ్లి పెద్దవాళ్లకు చెప్పండి. ఆ గుర్తు చదవడానికి ఏ భాషా రానక్కరలేదు.