తల్లిగారింటికి పోతానన్న దయ్యం

"అట్ల కాదు బిడ్డా. ముందుగాల ఎంటికలు పట్టుకోవాలె."

రాత్రి పదకొండు దాటింది. సిద్దిపేట జిల్లాలో ఒక ఊరి చివర పాడుబడ్డ దిగుడుబావి, ఒడ్డున మేం ఏడుగురం, అద్దెకు తెచ్చిన రెండు ఎల్ఈడీ లైట్లు, ఆగి ఆగి నడుస్తున్న జనరేటర్. పన్నెండు నిమిషాల దయ్యం సినిమాకి ఆఖరి సీను తీస్తున్నాం. మంత్రగాడి వేషం వేసిన కుర్రాడు వేపమండలతో కొత్తకోడలి వీపు మీద కొట్టాలి. మూడు టేకులయ్యాయి, వాడు కొట్టలేకపోతున్నాడు. కొట్టినట్టు చెయ్యి ఎత్తుతాడు, దించేటప్పుడు నవ్వేస్తాడు. లైటు చూసి వచ్చి అప్పటిదాకా గట్టు మీద కూచున్న అవ్వ, డెబ్భై ఏళ్ళుంటాయేమో, విసుగొచ్చి లేచింది. మమ్మల్నెవర్నీ అడక్కుండా ఫ్రేములోకి నడిచింది. వేషం వేసిన అమ్మాయి జుట్టు పట్టుకుని మణికట్టుకి రెండు చుట్లు చుట్టి, తలని మోకాళ్ళ దాకా వంచింది. "ఇప్పుడడుగు" అంది కుర్రాడితో. "ఎవలు నువ్వు, ఏడికెల్లి వచ్చినవు, ఏం గావాలె అని అడగాలె."

కెమెరా నడుస్తూనే ఉంది. ఎవరం కట్ చెప్పలేదు.

ఇది జరిగింది పోయిన ఏడాది ఫిబ్రవరిలో. సినిమా నాది కాదు. ఫిల్మ్ కోర్సు చదువుతున్న ఒక చిన్న స్నేహితురాలి డిప్లొమా పని. నన్ను లాగింది రెండు కారణాల వల్ల: నేను పిహెచ్‌.డి.లో మన కథల్లో దయ్యాల గురించి ఒక అధ్యాయం రాశాను, పైగా "అక్కా, మీకు జుట్టు చాలా ఉంది, చచ్చిపోయిన పెద్ద కోడలు మీరే". అలా స్క్రిప్టులో సగం, తెల్లచీరా నా వంతుకొచ్చాయి. మొదట క్యాంపస్‌లోనే తీద్దామనుకున్నాం. అమ్మాయిలు రాత్రి తొమ్మిదిన్నరకి హాస్టల్లో ఉండాలి కాబట్టి అనుమతి కుదరదన్నారు. అబ్బాయిలు తీసుకుంటే అభ్యంతరం లేదట. చీకట్లో ఆడదాన్ని చూసి జనం భయపడే సినిమా తియ్యడానికి ఆడపిల్లలు చీకట్లో ఉండకూడదు. ఇంతకంటే ఈ విషయం మీద చెప్పడానికేమీ లేదు.

అసలు పేచీ ఆఖరి సీను దగ్గర వచ్చింది. మార్గదర్శకుడైన అధ్యాపకుడు స్క్రిప్టు చదివి "దయ్యం శాంతించాలి, లేకపోతే ప్రేక్షకుడికి తృప్తి ఉండద"న్నాడు. శాంతించడమంటే ఏమిటి సార్ అంటే, వదిలి వెళ్ళడం అన్నాడు. మన దయ్యం సినిమాలన్నీ ఒకసారి వరసగా తల్చుకోండి. ఒక ఆడదాన్ని కథ మొదలవకముందే చంపుతారు, ఆఖరున మళ్ళీ చంపుతారు. ఆ రెండో చావుకి మనం టిక్కెట్టు కొని చప్పట్లు కొడతాం. అమెరికన్ స్లాషర్ సినిమాల్లో చివరిదాకా బతికి మిగిలే అమ్మాయికి క్యారల్ క్లోవర్ 1987లో 'ఫైనల్ గర్ల్' అని పేరు పెట్టింది. ఆ మాట మన సెమినార్లలో ఎంత తిరిగిందో! మన సినిమాకి అది ఏ కొలతన అతుకుతుందో నాకెప్పుడూ అర్థం కాలేదు. ఇక్కడ చివర మిగిలేది అమ్మాయి కాదు, కుటుంబం.

'మణిచిత్రతాళ్' సంగతే చూడండి. 1993 మలయాళ సినిమాలో ఆవహించే నర్తకి తమిళమ్మాయి. 2004లో కన్నడంలో 'ఆప్తమిత్ర'గా, 2005లో తమిళంలో 'చంద్రముఖి'గా తీసినప్పుడు ఆవిడ తెలుగు మాట్లాడింది. ఎవరికి వాళ్ళు దయ్యాన్ని పక్క భాష నుంచి తెచ్చుకున్నారు, అదీ నాట్యం చేసి బతికే ఆడదాన్ని. ఇంటి కోడలి కోపానికి ఇంట్లో కారణం లేదని చెప్పుకోడానికి ఇంతకంటే మంచి ఉపాయం ఏముంటుంది? 2022 నాటికి మన 'మసూద'లో దయ్యం బురఖా వేసుకుంది. సినిమా బాగా భయపెట్టింది, ఒప్పుకుంటాను. ఆ భయంలో ఎంత భాగం దయ్యానిదో ఎంత బురఖాదో మనలో మనమైనా అడుక్కోవాలి కదా.

ఆ తెల్లచీర సంగతి కూడా చెప్తాను, నేను కట్టుకున్నాను కాబట్టి. తెల్లచీర వితంతువుది. బ్రాహ్మణ కుటుంబాల్లో ఆ వితంతువుకి జుట్టు ఉండనిచ్చేవాళ్ళు కాదు. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో వీరేశలింగం మొదటి వితంతు వివాహం జరిపించేనాటికి అలా గుండుతో వంటింటి మూలన బతుకుతున్నవాళ్ళు ఎందరో. బతికుండగా గొరిగిన జుట్టు చచ్చాక మోకాళ్ళ దాకా పెరిగి మగవాణ్ణి తరుముతుంది. నేరం చేసినవాడి కలలా లేదూ ఇది? నేనీ మాట షూటింగు మధ్యలో చాలా ఉత్సాహంగా చెప్తే, కోడలి వేషం వేసిన అమ్మాయి విని, "మా వాడలో దయ్యాలు తెల్లచీర కట్టవక్కా" అంది. "మా వాడలో దయ్యాలు బతికే ఉంటయి. మా నాయనమ్మ చేతబడి చేస్తదని పదేళ్ళు ఎవలూ మా ఇంట్ల నీళ్ళు తాగలే." నా సిద్ధాంతం అక్కడ ఆగిపోయింది. నేను రాసిన అధ్యాయం మొత్తం అగ్రకులాల ఇళ్ళ దయ్యాల గురించేనని నాకు అప్పుడే తట్టింది. నా గైడుకీ తట్టలేదు, పరీక్షకులకీ తట్టలేదు.

అధ్యాపకుడితో పోట్లాట తేలికే, అలవాటైనది. కష్టమైంది మనవాళ్ళతోనే. నాతోపాటు పరిశోధన చేసి ఇప్పుడు పాఠాలు చెబుతున్న స్నేహితురాలు మాతో షూటింగుకి వచ్చింది. ఆవిడ ముగింపు వేరు: దయ్యం అందర్నీ చంపాలి. అత్తని, మామని, మొగుణ్ణి, మంత్రగాణ్ణి. అదే స్త్రీ ప్రతిఘటన అంది. ఇలాంటి వ్యాసాలు మనం ఎన్ని రాయలేదు! 2009లో 'అరుంధతి' వచ్చినప్పుడు స్త్రీశక్తి అని ఎంత మురిసిపోయాం! ఆ సినిమాలో దయ్యం మగవాడు. వాణ్ణి గెలవడానికి జేజమ్మ ముందు తను చావాలి, మళ్ళీ పుట్టాలి. కోస్తాలో పేరంటాళ్ళ గుళ్ళు చూడండి. పెనుగంచిప్రోలు తిరుపతమ్మ అత్తింట్లో పడ్డ ఆరళ్ళు కథలో ఉన్నాయి, ఇప్పుడు తిరనాళ్ళూ ఉన్నాయి. చచ్చిపోయిన ఆడవాళ్ళని మనం ఒకచోట కొలుస్తాం, ఒకచోట వెళ్ళగొడతాం, రెండుచోట్లా పసుపూ కుంకుమే. శక్తి రావాలంటే చావాలన్న షరతు దయ్యం గెలిచినా ఓడినా మారడం లేదు. ప్రతీకారం చూసి బయటికొచ్చి ఐస్‌క్రీమ్ తిని ఇంటికి పోవచ్చు. అందుకే నాకది నచ్చదు. ఆవిడ నన్ను "నీది మరీ గాంధేయం" అంది. కాదు.

తిరిగి అవ్వ దగ్గరికి వస్తాను. జుట్టు వదిలేశాక ఆమె మళ్ళీ గట్టెక్కి కూచుంది. నీకెట్ల తెలుసవ్వా అని అడిగాం. "మా యారాలిని చేసిన్రు గట్లనే. నేనే వట్టుకున్న ఎంటికలు, అత్త పట్టుకోమంటె."

"ఏం గావాలన్నదవ్వా?"

"తల్లిగారింటికి పోతా అన్నది."

"పంపిన్రా?"

"యాడ పంపుతరు, నాట్లప్పుడు."

చీపురుపుల్ల విరిచి పళ్ళు కుట్టుకుంటూ చెప్పింది. నేను నా థీసిస్‌లో ఐ.ఎం. లూయిస్‌ 1971లో రాసిన పుస్తకాన్ని ఉదహరించాను. పూనకం బలహీనుల వ్యూహమని, మామూలుగా అడగలేనివి ఆ రూపంలో అడిగి సాధించుకుంటారని అందులో సారాంశం. ఎంతో నచ్చి రాసుకున్నాను. ఏం కావాలని ఒక ఆడదాన్ని ఊరంతా కలిసి అడిగే సందర్భం అదొక్కటే కదా అని ఒక వాక్యం కూడా చేర్చాను. ఆ వాక్యం చూసుకుని గర్వపడ్డాను కూడా. ఈ యారాలు అడిగింది. ఊరంతా విన్నది. నాట్లు అడ్డమొచ్చాయి. వ్యూహం అని రాసినవాళ్ళం ఆ తర్వాతేమైందని అడగడం మానేశాం. అడిగిందా లేదా అన్నంతవరకే మన పరిశోధన. ఇచ్చారా అన్నది మన పరిధిలోకి రాలేదు.

ఆ రాత్రి దర్శకురాలు రెండు ముగింపుల్నీ పక్కన పెట్టేసింది. నేను బావి మెట్ల మీద తెల్లచీరతో గంటన్నర చలికి వణికిన షాట్లన్నీ పోయాయి (కొంచెం బాధే). కొత్తగా తీసింది ఇంతే: ఏం కావాలని మంత్రగాడు అడుగుతాడు, తల్లిగారింటికి పోతానంటుంది కోడలు, చుట్టూ ఉన్నవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. వేపమండలు కింద పెట్టి ఎవరి పనికి వాళ్ళు పోతారు. వాకిట్లో నారు కట్టలు. అధ్యాపకుడు బి గ్రేడు ఇచ్చి "హారర్ ఎలిమెంట్ బలహీనం" అని రాశాడు. నా స్నేహితురాలూ దాదాపు అదే అంది, ఇంకా మంచి మాటల్లో.

అవ్వ జుట్టు పట్టుకున్న షాటు సినిమాలో లేదు. ఎడిటింగప్పుడు వాడాలని అందరికీ ఉండింది, మేం తీసినవాటిలో నిజమైంది అదొక్కటే. దర్శకురాలు ఆ ఊరికి మళ్ళీ వెళ్ళి అడిగింది. "నా మొకం పడ్డదా?" అందట అవ్వ. చేతులే పడ్డాయంటే, "చేతులైతే ఏమాయె, పెట్టుకోన్రి" అంది. కోడలి వేషం వేసిన అమ్మాయి మాత్రం ఒప్పుకోలేదు. తను అప్పుడు నటించడం లేదంది, నొప్పెట్టిందంది. మేం కట్ చెప్పకపోవడం గుర్తుందంది. ఆ షాటు ఇంకా హార్డ్ డిస్కులోనే ఉంది.